జారుడుబల్ల కింద కౌన్సెలింగ్

కెనడాలో హాలిఫాక్స్‌లోని తెలుగువాళ్ళకి చాముండేశ్వరి చేసే ఉద్యోగం ఏమిటో అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. కొందరికి ఇప్పటికీ అర్థం కాలేదు. స్కూల్లో కౌన్సెలర్‌ని అని చెప్పగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, "అంటే మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదాండీ?" అని. ఒకసారి తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందులో విశ్వనాథం గారనే పెద్దాయన ఆవిణ్ణి పక్కకి పిలిచి, తన మేనల్లుడి ర్యాంకు చెప్పి, ఏ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ దొరుకుతుందో కాస్త చూసిపెట్టమన్నాడు.

"అది కాదు అంకుల్. చిన్నపిల్లలకి ఏవైనా భయాలూ బాధలూ ఉంటే నేను వాళ్ళతో మాట్లాడతానండీ."

"ఒకటో తరగతి పిల్లలకి బాధలేంటమ్మా?" అన్నాడాయన. "మాట్లాడినందుకు జీతమిస్తారా?" అని కూడా అడిగి, గోంగూర పచ్చడి అయిపోతోందని అటు వెళ్ళిపోయాడు.

బాధలు బోలెడు. పెంపుడు కుందేలు చచ్చిపోయిందని ఒకరు, నాన్న వేరే ఇంట్లో ఉంటున్నాడని ఒకరు, పన్ను ఊడింది కానీ అదెక్కడ పడిపోయిందో కనబడటం లేదని ఇంకొకరు, ఇలా రోజంతా చాముండేశ్వరి గదికి పిల్లలు వస్తూనే ఉంటారు. ఆ గది ఒకప్పుడు పాత పుస్తకాలు పడేసే కొట్టు. ఇప్పుడందులో ఒక ఇసుక పెట్టె, కొన్ని బొమ్మలు, మోకాలెత్తు కుర్చీలు ఉన్నాయి. ఆవిడ కూడా ఆ కుర్చీల్లోనే కూర్చుంటుంది. సాయంత్రానికి మోకాళ్ళు పట్టేస్తాయి. పిల్లలకి ఆవిడ పేరు నోరు తిరగదు. అందరికీ ఆవిడ "మిస్ చాము".

ఆ ఏడాది మంచు కరగడం మొదలయ్యాక, పిల్లలు రావడం తగ్గింది. మొదట్లో చాముండేశ్వరి సంతోషించింది. ఎండ వస్తోంది, పిల్లలు బయట ఆడుకుంటున్నారు, మనసులు తేలికపడి ఉంటాయి అనుకుంది. తర్వాత అనుమానం వచ్చింది. తర్వాత కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

ఒకటో తరగతిలో ఆలివర్ అనే పిల్లాడున్నాడు. వాడికి స్కూలు టాయిలెట్ అంటే చచ్చేంత భయం. ఎవరూ ముట్టకుండానే తనంతట తనే భళ్ళున నీళ్ళు వదిలే రకం అది. కూర్చుని ఉండగానే ఒకసారి వదిలేసింది. అప్పట్నుంచీ వాడు ఇంటికెళ్ళేదాకా బిగబట్టుకుని కూర్చునేవాడు. వాడికోసం చాముండేశ్వరి శీతాకాలమంతా కష్టపడింది. నెమ్మదిగా ఊపిరి పీల్చడం నేర్పింది, టాయిలెట్ బొమ్మ గీయించి దానికి పేరు పెట్టించింది, తలుపు దాకా తోడు వెళ్ళింది. ఆలివర్ తలుపు దాకా వచ్చేవాడు, వెనక్కి తిరిగేవాడు.

అలాంటి ఆలివర్ ఒకరోజు బాత్రూమ్‌లోంచి ఒక్కడే, ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు.

"ఒక్కడివే వెళ్ళావా?" అని ఆశ్చర్యపోయింది చాముండేశ్వరి.

"ఇప్పుడది నన్ను చూడలేదుగా," అని ఆలివర్ తేలిగ్గా చెప్పేసి క్లాసుకి పరిగెత్తాడు.

ఆ మాటకి అర్థం రెండు రోజుల్లో తెలిసింది. ప్రిన్సిపల్ మిసెస్ మెక్‌ఐజక్ ఆవిణ్ణి ఆఫీసుకి పిలిచింది. అక్కడ స్కూలు కేర్‌టేకర్ జెరార్డ్ చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆ చేతిలో గుప్పెడు పసుపుపచ్చ స్టిక్కీ నోట్లు, అదే, వెనక జిగురుండే చిన్న కాగితాలు. స్కూల్లో ప్రతి టాయిలెట్ వెనకా మనిషిని కనిపెట్టే ఎర్రటి కన్ను లాంటిది ఉంటుంది. ఎవరో ప్రతి కన్ను మీదా ఒక్కో నోటు అంటించారు. ప్రతి నోటు మీదా మూసుకున్న కళ్ళు, నిద్రపోతున్న మొహం చక్కగా గీసి ఉన్నాయి. కన్ను మూసుకుపోవడంతో నీళ్ళు రావడం మానేశాయి. పక్కనే చిన్న బటన్ ఉంటుందనీ, దాన్ని నొక్కితే నీళ్ళు వస్తాయనీ పిల్లలెవరికీ తెలియదు.

"ఆ తర్వాత లోపల పరిస్థితి నేను చెప్పను, మీరు అడగొద్దు," అన్నాడు జెరార్డ్.

చాముండేశ్వరి నవ్వు ఆపుకోవడానికి చాలా అవస్థ పడింది. మిసెస్ మెక్‌ఐజక్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు కూడా కదులుతున్నాయి.

ఆలివర్‌ని అడిగితే దాచకుండా చెప్పాడు. "డాక్టర్ ఇషి చెప్పింది. దానికి కళ్ళు మూసెయ్, అది నిద్రపోతుంది అంది. నాకు పనిచేసిందని అందరికీ చెప్పాను."

డాక్టర్ ఇషి అంటే మూడో తరగతి ఇషిత. చాముండేశ్వరికి ఆ పిల్ల బాగా తెలుసు. వాళ్ళ నాన్న యోగానంద్‌ది నల్లగొండ, ఇంట్లోంచే టొరంటో కంపెనీకి సాఫ్ట్‌వేర్ పనిచేస్తాడు. అమ్మ రూపది రాజమండ్రి, ఇక్కడ హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం. ఇషిత ఏ టీచరూ ఏనాడూ ఫిర్యాదు చెయ్యని పిల్ల. చెప్పిన పని చేస్తుంది, చెప్పని పని కూడా చేసిపెడుతుంది. కౌన్సెలర్ గది గుమ్మం ఎప్పుడూ తొక్కలేదు.

ఆ మధ్యాహ్నం రీసెస్‌లో, అంటే పిల్లల్ని ఆటలకి వదిలే విరామంలో, చాముండేశ్వరి కోటు వేసుకుని బయటికి నడిచింది. మైదానం చివర జారుడుబల్ల ఉంది. దాని కింద గుహలాంటి చోటు ఉంది. ఆ గుహ ముందు బురదలో, రబ్బరు బూట్లు వేసుకుని, పిల్లలు బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నారు. లోపల ఇషిత ఒక తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. ఎదురుగా ఇంకో బకెట్.

ఎదుటి బకెట్ మీదున్న జైనబ్ అనే పిల్ల వెక్కుతూ చెబుతోంది, తన స్నేహితురాలు మాయ ఇకనుంచి తనతో ఉండనందని.

"మాయ ఇప్పుడు ఎవరితో ఉంటోంది?" అంది ఇషిత.

"ఎవరితోనూ లేదు."

"అయితే తనకి కూడా ఎవరూ లేరు. సోమవారం మళ్ళీ అడుగు. నెక్స్ట్!"

తర్వాత వచ్చిన పిల్లాడికి గదిలో తమ్ముడి గురక సమస్య. "వాడికంటే ముందు నువ్వు నిద్రపో. నెక్స్ట్!"

చాముండేశ్వరి జారుడుబల్ల వెనక నిలబడి అంతా వింది. తను ఒక్కో పిల్లతో వారాలు గడుపుతుంది. ఇక్కడ పేషెంట్లు నిమిషాల్లో లేచి, మొహం తుడుచుకుని, ఆడుకోవడానికి వెళ్ళిపోతున్నారు. ఆవిడకి ముచ్చటేసింది. కాస్త అసూయ కూడా కలిగిందని ఆవిడే తర్వాత ఒప్పుకుంది.

కానీ ఆవిడ చూపు అనుభవమున్న చూపు. వరస అయిపోయాక ఇషిత ఆడుకోవడానికి లేవలేదు. ఖాళీ బకెట్‌ని చూస్తూ, గంట కొట్టేదాకా అక్కడే కూర్చుంది.

"ఆ జారుడుబల్ల ఆఫీసు మూయించెయ్ చాము," అంది మిసెస్ మెక్‌ఐజక్. "రేపు ఎవరికైనా జ్వరానికి మందు చెబుతుంది. వాళ్ళ ఇంటికి కూడా నేను ఫోన్ చెయ్యక తప్పదు."

"ఫోన్ చెయ్యండి. మూయించే సంగతి మాత్రం నాకు వదిలేయండి. కొంచెం టైమివ్వండి," అంది చాముండేశ్వరి.

మర్నాడు రీసెస్‌లో ఆవిడ వెళ్ళి వరసలో నిలబడింది. ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి చూసి గుసగుసలాడుకున్నారు. ఒక పిల్లాడు, "మీకు అర్జెంటైతే నా ముందుకి రండి మిస్," అని చోటిచ్చాడు. ఆవిడ వద్దంది. తన వంతు వచ్చాక వంగి, తలకి జారుడుబల్ల తగలకుండా లోపలికి దూరి, బకెట్ మీద కూర్చుంది. బకెట్ కిర్రుమంది.

ఇషిత మొహం పాలిపోయింది. అయినా పట్టు వదలలేదు. "మీ ప్రాబ్లమ్ ఏంటి?" అంది ఇంగ్లీషులో, నీళ్ళు నములుతూ.

"మా స్కూల్లో ఒకమ్మాయి ఉంది. అందరికీ బాగా సాయం చేస్తుంది. ఆ అమ్మాయి ఆఫీసు మూయించమని నాకు చెప్పారు. నాకేమో మూయించాలని లేదు. ఏం చెయ్యమంటావు?"

"అది నేనేనా?" అంది ఇషిత.

"నువ్వే."

"టాయిలెట్ల వల్లా?"

"టాయిలెట్ల వల్లే."

"నేను ఆలివర్ ఒక్కడికే చెప్పాను మిస్. వాడు అందరికీ చెప్పేశాడు. దట్స్ నాట్ మై ఫాల్ట్." అని తెలుగులోకి మారింది. పక్కవాళ్ళకి అర్థం కాకుండా ఉండాలని కాబోలు. "నాకు లోపల ప్లేస్ ఇవ్వండి. ఇక్కడ చాలా కోల్డ్ ఉంది."

"ఇస్తాను. కానీ నా గదికి ఒక పద్ధతుంది. అక్కడ ఇతరుల మాట వినేవాళ్ళు, తమ మాట కూడా ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. నేను కూడా నెలకోసారి ఇంకో కౌన్సెలర్ దగ్గర కూర్చుని నా మాటలు చెప్పుకుంటాను."

"నాకు ప్రాబ్లమ్స్ లేవు. ఐ యామ్ ఫైన్."

"మంచిది. అయితే వచ్చి ఊరికే కూర్చో," అంది చాముండేశ్వరి. లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. చివరికి డాక్టర్ ఇషి, గురక తమ్ముడి అన్నా చెరో చెయ్యీ పట్టుకుని ఆవిణ్ణి బయటికి లాగారు.

ఆ సాయంత్రం రూప ఫోన్ చేసింది. "అండీ, ప్రిన్సిపల్ గారు ఫోన్ చేశారు. పిల్లని మీ దగ్గరికి పంపిస్తున్నారంట. మా ఇషితకి... అదేనాండీ?"

"ఏదండీ?"

"అదేనండీ."

"అలాంటిదేం లేదు రూప గారూ. పిల్ల బంగారం. వచ్చేవారం మీరిద్దరూ ఒకసారి స్కూలుకి రండి, తీరిగ్గా మాట్లాడుకుందాం."

"వస్తామండీ. మీరు మాత్రం మనవాళ్ళెవరికీ చెప్పకండేం? పాట్‌లక్‌లో మొహం ఎత్తుకోలేం."

ఇషిత లంచ్ టైములో గదికి రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు గదంతా తనిఖీ చేసింది. ఇసుక తడిగా ఉంటే బాగుంటుందంది. బొమ్మల్లో తాతయ్య లేడంది. కుర్చీలు మాత్రం బకెట్ల కంటే నయమంది. రెండోసారి వచ్చినప్పుడు ఇసుకలో ఇళ్ళు కట్టింది, కూల్చింది, మళ్ళీ కట్టింది. చాముండేశ్వరి ఎదురుగా కూర్చుని తనూ ఒక ఇల్లు కట్టింది. అదేమంత బాగా రాలేదు.

"మిస్, నాకు ప్రాబ్లమ్ లేదు. కానీ నా ఫ్రెండ్‌కి ఒకటుంది," అంది ఇషిత, ఇసుక మీంచి తలెత్తకుండా.

"అలాగా. మీ ఫ్రెండ్ పేరేమిటి?"

ఇషిత కళ్ళు గదంతా తిరిగి గోడ మీద క్యాలెండర్ దగ్గర ఆగాయి. "ఏప్రిల్."

"మంచి పేరు. మన స్కూలేనా?"

"కాదు. వేరే స్కూల్. మీకు తెలీదు." ఇషిత గబగబా చెప్పింది. "ఏప్రిల్ రూమ్‌లో ఫ్లోర్ మీద హీటర్ వెంట్ ఉంది. కిచెన్‌లో మాట్లాడితే అందులోంచి వినిపిస్తుంది. వాళ్ళ డాడీ కంపెనీ ఆఫీస్‌కి రమ్మంది. సమ్మర్‌లో టొరంటో దగ్గర మిల్టన్ వెళ్ళిపోతారు. టౌన్‌హౌస్ కూడా బుక్ చేశారు. కానీ ఏప్రిల్‌కి చెప్పలేదు. జూన్‌లో చెప్తారంట. ముందే చెప్తే చదువు పాడైపోతుందంట."

"ఏప్రిల్ ఏ క్లాసు?"

"థర్డ్ గ్రేడ్."

"ఓహో. చాలా పెద్ద చదువే," అంది చాముండేశ్వరి. ఇషిత పెదాలు కొంచెం సాగాయి. "పాపం, అదంతా విన్నాక ఏప్రిల్ ఏం చేసింది?"

"ఏడవలేదు. చాలా పనులున్నాయి కదా. తను వెళ్ళిపోతే ఆలివర్ బాత్రూమ్‌కి ఎలా వెళ్తాడు? జైనబ్‌తో మాయ మాట్లాడకపోతే లంచ్‌లో ఎవరుంటారు? అందుకే వెళ్ళేముందు అందరివీ ఫినిష్ చేసేస్తోంది."

జారుడుబల్ల కింద ఆ తొందరంతా, ఆ "నెక్స్ట్" అంతా దేనికో చాముండేశ్వరికి ఇప్పుడర్థమైంది. అయినా మొహం మామూలుగానే పెట్టి, "ఏప్రిల్‌కి కూడా ఆలివర్ తెలుసా?" అని అడిగింది.

ఇషిత ఒక్క క్షణం బిక్కమొహం వేసింది. "వేరే ఆలివర్," అంది.

"సరే, వేరే ఆలివర్. మరి ఏప్రిల్ తనకి తెలిసిపోయిందని అమ్మానాన్నలకి చెప్పచ్చు కదా?"

"నో! వాళ్ళే చెప్పాలి. వాళ్ళే ముందు చెప్పాలి." ఇసుక ఇల్లు మీద గట్టిగా చెయ్యి పడి, గోడ కూలింది. "మీరు కూడా చెప్పకూడదు మిస్."

"నేను చెప్పను. ఎవరికైనా దెబ్బ తగిలే విషయమైతే తప్ప, ఈ గదిలో మాట గది దాటి పోదు. కానీ వచ్చేవారం మీ అమ్మానాన్నా వస్తున్నారు. టాయిలెట్ల గురించి. అప్పుడు నేనేం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, నువ్వే చెప్పు."

ఇషిత కూలిన గోడని మళ్ళీ నిలబెట్టింది. తర్వాత, "మీరేం మాట్లాడొద్దు. నేనే అడుగుతాను. ఫ్రెండ్ కేస్ లాగా," అంది.

చాముండేశ్వరికి భయమేసింది. ఎనిమిదేళ్ళ పిల్ల మీద అంత బరువు పెట్టడం న్యాయమా అనిపించింది. ఆపేద్దామని నోరు తెరిచింది కూడా. కానీ ఆ పిల్లని అప్పటిదాకా ఎవరూ ఏదీ అడిగి చెయ్యలేదు. ఇదొక్కటీ తన ఇష్టప్రకారం జరగనిద్దాం అనుకుంది. "సరే. నేను పక్కనే ఉంటాను. నీకు వద్దనిపిస్తే నా వైపు చూడు, అక్కడితో ఆపేద్దాం," అని మాటిచ్చింది.

యోగానంద్ ఇంటర్వ్యూకి వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. రూప ఒక స్టీలు డబ్బా నిండా కజ్జికాయలు తెచ్చి, లంచం ఇస్తున్నట్టు బల్ల కిందనుంచి అందించింది. ఇద్దరూ చిన్న కుర్చీల్లో ఒదిగి కూర్చున్నారు. ఇషిత ఇసుక పెట్టె పక్కన నిలబడింది. యోగానంద్ మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"మేడం, సీదా అడుగుత. మార్కులేమన్న తగ్గినయా?" అన్నాడు.

"మార్కులు బ్రహ్మాండంగా ఉన్నాయి యోగానంద్ గారూ."

"మరి ఇంకేం ప్రాబ్లం మేడం?"

చాముండేశ్వరి స్టిక్కీ నోట్ల కథ చెప్పింది. రూప రెండు చేతులతో మొహం కప్పుకుంది. యోగానంద్ మాత్రం కూతురి వైపు చూసి, "సెన్సర్‌ని బ్లాక్ చేసినవా? ఎవరు నేర్పిండ్రు నీకు?" అన్నాడు, గర్వం దాచుకోలేక. రూప ఉరిమి చూసేసరికి సర్దుకుని, "తప్పు బిడ్డా, అట్ల చెయ్యొద్దు," అన్నాడు.

"సారీ డాడీ. ఇప్పుడు నేనొకటి అడగాలి," అంది ఇషిత. కుర్చీ లాక్కుని వాళ్ళకి ఎదురుగా కూర్చుంది. చాముండేశ్వరి తన కుర్చీ ఇంకాస్త వెనక్కి జరుపుకుంది.

"నాకొక ఫ్రెండ్ ఉంది. పేరు ఏప్రిల్. వాళ్ళ మమ్మీ డాడీ ఊరు మారిపోతున్నారు. కానీ ఏప్రిల్‌కి చెప్పలేదు. ఏప్రిల్‌కి తెలిసిపోయింది. వాట్ షుడ్ షి డూ?"

ఇది వేరే పిల్ల గొడవ అని తెలియగానే యోగానంద్‌కి ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఇది మస్తు తప్పు బిడ్డా. అంత పెద్ద డెసిషన్ పిల్లకి చెప్పకుండ ఎట్ల తీసుకుంటరు? పిల్ల అంటే ఏమన్న సోఫానా, ట్రక్కుల ఎక్కిచ్చి తీస్కపోనీకి?"

రూప చెయ్యి అతని మోకాలి మీద పడింది.

"ఏంది రూపా, నేను కరెక్టే చెప్తున్న గద. మేడం, నన్నడిగితే ఆ అమ్మానాన్నలకి కావాలె కౌన్సెలింగ్, పిల్లకి కాదు. ఇట్లాంటోళ్ళని ఏమనాలె?"

రూప చెయ్యి మోకాలిని గిల్లింది. యోగానంద్ "అబ్బా" అని, ఆ ఊపులోనే అడిగేశాడు. "ఇంతకీ ఏ ఊరికి పోతున్నరంట?"

"మిల్టన్," అంది ఇషిత.

"మిల్టన్ మంచి ఊరే. కొత్త ఇండ్లు, టొరంటోకి ట్రెయిన్ కూడ..." అంటూనే అతని నోరు ఆగిపోయింది. తెరుచుకున్న నోరు అలాగే ఉండిపోయింది. కారిడార్లో ఎవరో పిల్లలు బంతిని తన్నుకుంటూ పోయారు.

చాముండేశ్వరి ఏమీ మాట్లాడలేదు. ఆవిడ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని అదే. పెదాలు బిగించి, ఇషిత వైపే చూస్తూ కూర్చుంది. ఇషిత ఆవిడ వైపు చూడలేదు.

"మమ్మీ, నీకు మిల్టన్ వెళ్ళాలని ఉందా?" అంది ఇషిత.

రూప కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. "నన్నెవరూ అడగలేదమ్మా ఇప్పటిదాకా," అంది. "మీ నాన్న పాపం టెన్షన్‌లో ఉన్నారు కదా, నేను కూడా వద్దంటే ఎలాగని ఊరుకున్నాను. నా ల్యాబు, నా ఫ్రెండ్సు... ఇక్కడ ఇప్పుడిప్పుడే అలవాటైంది నాకు."

"నాకెందుకు చెప్పలే రూపా?" అన్నాడు యోగానంద్.

"మీరడిగారా?"

చాముండేశ్వరి టిష్యూ పెట్టె రూప వైపు జరిపింది. మధ్యలోనే యోగానంద్ చెయ్యి చాపి ముందు తను ఒకటి తీసుకున్నాడు. "నాకు మాత్రం పోవాలని ఉందా? ఆఫీసుకి రాకుంటే ఉద్యోగం తీసేస్తమన్నరు," అని ముక్కు తుడుచుకున్నాడు. "మీకు చెప్తే బాధ పడతరని, నేనొక్కడినే చూసుకుందామనుకున్న."

ఇషిత ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అయితే మనం ముగ్గురం వేరే వేరే రూముల్లో సాడ్‌గా ఉన్నాం," అంది.

ఆ మాటకి రూప ఏడుస్తూనే నవ్వేసింది. యోగానంద్ ఆ చిన్న కుర్చీలోంచి లేచి కూతురి దగ్గరికి వెళ్ళాలనుకున్నాడు గానీ కుర్చీ కూడా అతనితో పాటే లేచింది. దాన్ని విడదీయడానికి చాముండేశ్వరి వెళ్ళాల్సి వచ్చింది. ఆ గొడవంతా అయ్యాక ముగ్గురూ నేల మీదే కూర్చుని, కజ్జికాయల డబ్బా తెరిచి, మిల్టన్ గురించి మొదటిసారి కలిసి మాట్లాడుకున్నారు. ఇషితకి చాలా ప్రశ్నలున్నాయి. స్కూలు ఎంత దూరం, తన గది ఏది, పక్కింట్లో పిల్లలున్నారా. యోగానంద్‌కి చాలావాటికి జవాబు తెలియదు. "కనుక్కుందాం," అన్నాడు ప్రతిదానికీ.

వెళ్ళడం ఆగలేదు. ఆగే వీలు లేదు. కానీ మే నెలలో ముగ్గురూ మిల్టన్ వెళ్ళి ఇల్లు చూసొచ్చారు. రూప అక్కడి హాస్పిటల్స్‌లో ఉద్యోగాలకి అప్లై చేసింది. ఇషిత తన స్నేహితులకి తనే చెబుతానంది. జారుడుబల్ల కింద ఒక్కొక్కరినీ పిలిచి చెప్పింది. కొందరు ఏడ్చారు. ఆలివర్ మాత్రం అంతా విని, "సరే. నీ బకెట్ నాకిస్తావా?" అని అడిగాడు. ఇషితకి మొదట కోపమొచ్చింది, తర్వాత ఇచ్చేసింది.

చాముండేశ్వరి ప్రిన్సిపల్‌ని ఒప్పించి, పెద్ద క్లాసుల్లోంచి కొందరు పిల్లల్ని ఎంపిక చేసింది. రీసెస్‌లో ఒంటరిగా కనిపించిన పిల్లల పక్కన కూర్చుని మాట వినడం వాళ్ళ పని. మందులు చెప్పకూడదు, టాయిలెట్ల జోలికి వెళ్ళకూడదు, పెద్ద విషయమైతే మిస్ చాము దగ్గరికి తీసుకురావాలి. వాళ్ళకి నేర్పడానికి ఇషిత కూడా వచ్చింది. తొందరపడి సలహా ఇవ్వకుండా ఉండటం మిగతా పిల్లలకంటే ఇషితకే కష్టమైంది. నాలుక కొసదాకా వచ్చిన "నెక్స్ట్" ని ఎన్నిసార్లు మింగిందో లెక్కలేదు. జెరార్డ్ ప్రతి టాయిలెట్ పక్కనా, బటన్ ఎక్కడుందో చూపిస్తూ పెద్ద బాణం గుర్తు అతికించాడు.

జూలైలో, సామాను ట్రక్కు రావడానికి ముందు శనివారం, రూప ఫోన్ చేసింది. ఇషిత ఒకసారి అవతలి ఒడ్డున డార్ట్‌మత్‌కి వెళ్ళే ఫెర్రీ పడవ ఎక్కాలంటోందనీ, మీరూ రావాల్సిందేనంటోందనీ చెప్పింది.

ఫెర్రీ పై డెక్కు మీద గాలి రివ్వున కొడుతోంది. ఇషిత రెయిలింగ్ పట్టుకుని నిలబడి, "స్కూల్ అయిపోయింది కదా, ఇప్పుడు మిమ్మల్ని మిస్ అనాలా, ఆంటీ అనాలా?" అని అడిగింది.

"నీకేది బాగుంటే అది."

"ఆంటీ," అంది ఇషిత, రుచి చూస్తున్నట్టు. తల ఊపింది.

పడవ సగం దూరం వెళ్ళేసరికి సముద్రం మీంచి పొగమంచు దిగింది. ముందు హాలిఫాక్స్ మేడలు మాయమయ్యాయి, తర్వాత అటు ఒడ్డు కూడా కనిపించకుండా పోయింది. చుట్టూ తెల్లగా, ఇంజిన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇషిత ఉన్నట్టుండి తల్లి నడుము పట్టుకుని బావురుమంది. అన్ని నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. అటు పక్క ఫొటోలు తీసుకుంటున్న టూరిస్టులు కూడా తిరిగి చూశారు.

యోగానంద్ కంగారుగా, "ఏడవకు బిడ్డా, మిల్టన్ల మనకి..." అని మొదలుపెట్టాడు. రూప అతని వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అతను ఆగిపోయి, వచ్చి ఇద్దరి పక్కన నిలబడ్డాడు. ఒక చెయ్యి కూతురి వీపు మీద వేశాడు. చాముండేశ్వరి కొంచెం దూరం జరిగి, పొగమంచు వైపు తిరిగి, తన కళ్ళు తుడుచుకుంది.

పడవ డార్ట్‌మత్ రేవుకి ఆనుకుంది. జనం దిగిపోతున్నారు. ఇషిత ముక్కు ఎర్రగా కందిపోయింది, మొహం మాత్రం తేటపడింది.

"దిగినంక ఎటు పోదాం?" అన్నాడు యోగానంద్ నెమ్మదిగా.

"ముందు ఐస్‌క్రీమ్," అంది ఇషిత, నాన్న చొక్కాకి ముక్కు తుడుచుకుంటూ.